బావ పాపను ఎత్తుకోని రోజులు

ఈ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టకపోతే మా చుట్టాలు దీన్ని పాడుచేసేలా ఉన్నారు. సగంమంది మా బావకు పట్టిన గాలి నీళ్ళు పోస్తే వదిలిందంటున్నారు. మిగిలినవాళ్ళు మాత్రల మహిమ అంటున్నారు. రెండూ కావు. మొదటినుంచీ పక్కనే ఉన్నవాణ్ణి, సగం చెడగొట్టినవాణ్ణి కూడా నేనే కాబట్టి నేనే రాయాలి.

మాది శ్రీకాకుళం వైపు. అక్కాబావలూ నేనూ మల్కాజ్‌గిరిలో ఒకే ఇంట్లో రెండు వాటాల్లో ఉంటాం. బావ గూడ్స్ బండి డ్రైవరు. నేను పదో తరగతితో బడి మానేసి కొరియర్ ఆఫీసులో చేరాను. ఆ తర్వాతి చదువంతా గ్రంథాలయంలోనే. అక్కడ మనస్తత్వశాస్త్రం అర మొత్తం చదివేశానని నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం కాదు, బాగానే.

ఒకరోజు బావ నడుపుతున్న బండి కిందికి ఒక మనిషి వచ్చాడు. బ్రేకు వేసినా గూడ్స్ బండి అంత తొందరగా ఆగదు. మధ్యాహ్నం ఇంటికొచ్చిన బావ ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెండున్నరేళ్ళ కూతురు పరుగెత్తుకొచ్చి కాళ్ళకు చుట్టుకుంటే ఎత్తుకున్నాడు. రెండు రోజులకు పాపకు జ్వరం వచ్చింది. అప్పుడు బయటపెట్టాడు, బండి కింద మనిషి పోయాడని.

జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. బావ మాత్రం ఆ తర్వాత పాపను ముట్టుకోలేదు. అది దగ్గరికొస్తే లేచి స్నానాలగదిలోకి వెళ్ళిపోయేవాడు. రోజుకు ఐదారు స్నానాలు. పాప తలుపు కొడుతూ ఏడ్చేది. కొన్నాళ్ళకు ఏడవడం మానేసింది. అక్కకు అసలు భయం అప్పుడు పట్టుకుంది.

మనసులో ఉన్నది బయటికి చెప్పేస్తే బరువు దిగుతుందని నేనెక్కడో చదివాను. సాయంత్రాలు బావను కూర్చోబెట్టి, జరిగింది మొదటినుంచి చెప్పమనేవాణ్ణి. రెండుసార్లు చెప్పాడు. మూడోసారి మధ్యలోనే లేచి వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

"ఒరే, ఆయన్ని బతకనివ్వవా ఏటి?" అంది అక్క. "మనిషిని కాసేపు ఒగ్గీమని నీ లైబ్రరీలో ఏ పుస్తకంలోనూ రాయనేదా?"

తర్వాత ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన సగం ఇంగ్లీషులో మాట్లాడి, అతిశుభ్రత జబ్బని తేల్చి, స్నానాలు తగ్గించుకోమని ఒక పట్టిక ఇచ్చాడు. నేనూ అదే అనుకుంటున్నాను కాబట్టి నాకు ఆయన తెగ నచ్చాడు. పట్టికను స్నానాలగది తలుపుకు అంటించింది నేనే. బావ రోజూ దాని ముందు నిలబడి శ్రద్ధగా చదివి, లోపలికెళ్ళి ఇంకో స్నానం చేసేవాడు.

చివరికి అక్కే ఎవరినో అడిగి, చిలకలగూడలో ఇంకో కౌన్సెలర్ మేడమ్‌ను కనుక్కుంది. బండి కింద మనిషి పోయిన సంగతీ, స్నానాల సంగతీ ముందే ఫోన్‌లో చెప్పి ఉంచింది. ముగ్గురం వెళ్ళాం. ఆవిడ బావను కుర్చీ ఎక్కడ కావాలంటే అక్కడ వేసుకోమంది. తలుపు పక్కన వేసుకున్నాడు.

"ఏమైందో మీరు చెప్పకున్నా నడుస్తది. ఆపమంటే ఆపుదాం," అంది.

నాకు ఒళ్ళు మండింది. చెప్పకపోతే ఇంకేం వైద్యం?

ఆవిడ నెమ్మదిగా అడిగింది. "మీ దిక్కు చావు చూసొచ్చినోళ్ళు ఇంట్లకొచ్చే ముందు ఏం చేస్తరు?"

"మేడమ్, అవన్నీ మూఢనమ్మకాలండీ. శాస్త్రీయంగా చూస్తే..."

"అన్నా, నేను ఆయన్ని అడిగిన. మీరు జెర ఆగుండ్రి."

అక్క మొహం తిప్పుకుని నవ్వింది. రెండు నెలల్లో ఆమె నవ్వడం అదే.

బావ తలుపు పక్కనుంచి కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. "పెరట్లోనే తలకి నీళ్ళు పోస్తారండి. ఇంట్లోవోళ్ళు పొయ్యాలి. మనకి మనం పోసుకుంటే చెల్లదు. అప్పుడే గుమ్మం ఎక్కాలి. నేను అలాగే ఎక్కీసేనండి. పాపని ఎత్తీసేను."

ఇంకొకరు పోయాలి. ఆయనేమో రోజుకు ఆరుసార్లు తనకు తానే పోసుకుంటున్నాడు. ఆ ఆచారం నాకు తెలియనిదా? మా నాన్న పోయినప్పుడు పెద్దమ్మ నాకూ అలాగే పోసింది. అర నిండా పుస్తకాలు చదివినవాడికి ఇంట్లో మనిషిని ఈ ఒక్క ప్రశ్న అడగాలని తోచలేదు.

మేడమ్ నీళ్ళు పోయమని చెప్పలేదు. ఏం చేయాలనిపిస్తోందని మాత్రం బావను అడిగింది. అక్కచేత పోయించుకుంటానన్నాడు. "మంచిదే. గానీ దాంతోనే అయిపోదు, వచ్చుడు బంద్ చేయకుండ్రి," అంది.

మాకు పెరడు లేదు. ఇంటి ఓనరమ్మ కింద కుళాయి దగ్గర చోటిచ్చింది, "వాకిలంత తడి చేస్తున్రేందమ్మా" అని గొణుగుతూనే. ఆదివారం పొద్దున అక్క పోసింది. మూడో చెంబుకు బావ ఏడ్చాడు.

"ఆ మనిషికి ఎవులైనా పోసుంటారా?" అన్నాడు.

అక్క ఇంకో చెంబు ముంచి పోసింది.

ఆ రోజే పాపను ఎత్తుకున్నాడని చుట్టాలు చెప్పేది అబద్ధం. ఇంకా ఏడు వారాలు చిలకలగూడ తిరిగాం. డాక్టరు రాసిన నిద్రమాత్రలు కూడా కొన్నాళ్ళు వాడాడు. స్నానాలు మూడయ్యాయి, రెండయ్యాయి. ఒక మధ్యాహ్నం నిద్రలో పాప మంచం అంచుకు దొర్లితే పక్కనున్న బావ పట్టుకున్నాడు. పట్టుకుని తన చేతులకేసి చూసుకున్నాడు. దించలేదు. నేనేదో అనబోతే అక్క నోరు మూసుకోమని సైగ చేసింది.

బండి ఇంకా ఎక్కలేదు. ఎప్పుడు ఎక్కుతావని అడగడం మానేశాను.

పేర్లు రాయొద్దని బావ షరతు. అందుకని వరసలతోనే చెప్పుకుంటాను: అక్కకు, చిలకలగూడ మేడమ్‌కు, వాకిలిచ్చిన ఓనరమ్మకు, వారం వారం వచ్చి పలకరించిన బావ తోటి డ్రైవర్లకు కృతజ్ఞతలు. పాపకు ఇప్పుడు చెప్పడం కుదరదు. బావ భుజం మీద నిద్రపోతోంది, కదిలిస్తే లేస్తుంది.