మేడంను రానిద్దామా?

బోధన్ దగ్గరి ఆ అంగన్‌వాడీ టీచర్ ఏ పని చేయాలన్నా ముందు పిల్లల ఎదుట గొంతుక్కూర్చుని, "ఏమంటరు మరి?" అని అడిగేది. నిజామాబాద్ శిక్షణలో ఒక సారు, పసిపిల్లల చదువుకు యూరప్ దేశాలు కలిసి ఒప్పుకున్న సూత్రాలు చెబుతూ, ప్రతి విషయంలో పిల్లల మాట వినాలన్నాడు. మేమంతా రాసుకుని, సమోసా తిని మరిచిపోయాం. ఆమె మరిచిపోలేదు.

నేను సూపర్‌వైజర్‌గా తనిఖీకి వెళ్లిన రోజు నన్ను గడప దగ్గరే ఆపింది.

"పిల్లలూ, మేడమొచ్చింది. లోపటికి రానిద్దామా?"

రెండు చేతులే లేచాయి.

"జర ఆగుండ్రి మేడం. గుడ్లు తిన్నంక మళ్ల అడుగుత," అంది ఎంతో మర్యాదగా.

ఎండలో నిలబడ్డాను. చెరకు ట్రాక్టర్లు నా మీద దుమ్ము పోసి పోతున్నాయి. ఆమెకు మెమో రాద్దామని పెన్ను తీశాను. అంతలో ఒక పిల్ల వచ్చి, "నీకు పాటొస్తదా?" అంది. గతిలేక పాడాను. టీచర్ మళ్లీ అడిగితే ఈసారి అన్ని చేతులూ లేచాయి.

నేను వెళ్లేముందు ఆమె తనిఖీ రిజిస్టర్ నా చేతిలోంచి తీసుకుని, "మేడం గురించి ఏం రాద్దాం?" అని పిల్లల్నే అడిగింది. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసింది: "పాట మంచిగ లేదు. రేపు గూడ రమ్మను."

కింద సంతకం పెట్టాను. నా సర్వీసంతటిలో నన్ను మళ్లీ రమ్మన్న సెంటర్ అదొక్కటే.