గుండిగలో మిగిలిన అన్నం

సాయం చెయ్యాలనే ఉబలాటం కూడా ఒక జబ్బే. నాకది చిన్నప్పటి నుంచీ ఉంది. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ళకంటే ముందు నేను అరుస్తాను. ఆ తర్వాత నా చేతిలో ఏదుంటే అది వాళ్ళ చేతిలో పెట్టేస్తాను. వాళ్ళకు కావాల్సింది అదేనా అని అడగడం మాత్రం తోచదు.

రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్‌కు పాలు పోసే ఆవిడది గోదావరి మధ్య ఒక లంక ఊరు. పొద్దున్నే పడవ దాటి, ఇవతలి గట్టు నుంచి ఆటోలో వచ్చేది. భర్త పోయాడు. ఉన్నది ఒక్క గేదె, ఇల్లు నడిచేది దాని మీదే. ఆ ఏడాది వరదల నాటికి అది చూడితో వట్టిపోయి ఉంది. అందుకని ఇరుగుపొరుగు వాళ్ళ పాలు తెచ్చి మాకు పోస్తుండేది. "ఇది ఈనిందంటే జున్నుపాలు ముందు మీకేనండి టీచర్‌గారూ" అని వారానికోసారైనా అనేది.

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన మర్నాడు పాలు రాలేదు. ఆ పై రోజు పొద్దున ఆమె ఫోన్ చేసింది.

"పాలు రాలేదని ఏమీ అనుకోకండి టీచర్‌గారూ. ఊళ్ళోకి ఏరొచ్చేసిందండి. అందరం ఇవతల గట్టు మీదున్నాం."

ఇల్లు మునిగిన మనిషి నాకు సంజాయిషీ చెబుతోంది! నాకు ఏడుపొచ్చింది. ఏమైనా తిన్నావా అని అడిగాను.

"మాకేం పర్లేదండి, ఎవరో ఒకళ్ళు తెచ్చి పెడతన్నారు. గేదెకే ఏమీ లేదండి. గడ్డిమేటు మొత్తం కొట్టుకుపోయింది. రెండ్రోజుల్నించీ పరక ముట్టలేదది."

విన్నాను. స్పష్టంగానే విన్నాను. కానీ గడ్డి ఎక్కడ దొరుకుతుందో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. వంట మాత్రం అందరికీ వచ్చు. ఎదురు ఫ్లాటావిడ చర్చిలో పండగలకు వందమందికి వండించిన మనిషి. ఆవిడ అటక మీది నుంచి పెద్ద గుండిగ దింపించింది, నేను బియ్యం కడిగాను. మధ్యాహ్నానికల్లా గుండిగెడు అన్నం, టమాటా పప్పు ఆటోలో పెట్టుకుని బయల్దేరాం. అబద్ధమెందుకు, దారిలో ఫొటోలు కూడా దిగాం.

గట్టు పొడుగునా బరకాలు కట్టుకుని, వాటి కింద జనం. పక్కనే పశువులు. గట్టు మీది పచ్చిక మొదటిరోజే గీకి తినేసినట్టున్నాయి, మట్టి తప్ప ఏమీ లేదు. ఒకవైపు ఎర్రగా గోదావరి, రెండోవైపు వాన నీళ్ళలో మునిగిన చేలు. మాకంటే ముందే రెండు వ్యాన్లవాళ్ళు పులిహోర పొట్లాలు పంచి వెళ్ళారు. జనం మా మర్యాద కోసం తలా ఒక ముద్ద పెట్టించుకున్నారు. సగానికి పైగా అన్నం గుండిగలోనే ఉండిపోయింది.

పాలావిడ నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో ఉందని చెప్పారు. గేదె ఆమె బరకం పక్కన గుంజకు కట్టి ఉంది. డొక్కలు లోపలికి పోయాయి. నన్ను చూసి మోర చాచింది. ఏటా పిల్లల చేత ఆవు మీద వ్యాసం రాయించే టీచర్ని నేను. కుడితిలో అన్నం మెతుకులు వేస్తారని నాకు తెలుసు. మెతుకులు మంచివైతే అన్నం ఇంకా మంచిదే కదా అనుకున్నాను. మిగిలిందంతా అక్కడున్న ప్లాస్టిక్ టబ్బులోకి వంచాం. తల ఎత్తకుండా తింది. చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

పాలావిడ బిందెతో వచ్చి, ఖాళీ టబ్బు చూసి ఆగింది.

"అంతా పెట్టేశారాండీ?"

"కడుపునిండా తింది" అన్నాను గొప్పగా.

"మీరు చల్లగా ఉండాలండి" అంది. అంతసేపు నిలబడి తెచ్చుకున్న నీళ్ళే గ్లాసుల్లో పోసి మా ఇద్దరికీ ఇచ్చింది. ఆటో దాకా వచ్చి సాగనంపింది.

మర్నాడూ స్కూళ్ళకు సెలవే. రైతుబజారులో పారేసే క్యాబేజీ ఆకులు, కాలీఫ్లవర్ కాడలు రెండు గోతాల నిండా ఏరుకుని నేనొక్కదాన్నే వెళ్ళాను. గేదె పడుకుని ఉంది. పొట్ట బానలా ఉబ్బిపోయింది, మూతి నుంచి సొంగ కారుతోంది. పశువుల డాక్టరు సూది వేస్తున్నాడు. పాలావిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిన్న మేము వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ నూనె పట్టిస్తూ, వంటసోడా కలిపి పోస్తూ, దాన్ని గట్టు మీద అటూ ఇటూ నడిపిస్తూనే ఉందని పక్క బరకం ముసలాయన చెప్పాడు.

"అన్నం ఎవరు పెట్టారు?" డాక్టరు కోపంగా అడిగాడు. "పస్తున్న పశువుకి ఒక్కసారే అంత అన్నం పెడితే లోపల పులిసి విషమైపోతుంది. తెలీదటమ్మా నీకు?"

నేను గోతాలు కింద పెట్టాను.

"నేనేనండి" అంది పాలావిడ. "దాని ఆకలి చూళ్ళేక పెట్టేశానండి."

ముసలాయన నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పదిమందిలో పరువు పోతుందనుకున్నానో, భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఎందుకైనా సిగ్గుచేటే.

మధ్యాహ్నం కాకుండానే గేదె పోయింది. కడుపులో దూడ ఇంకా కదులుతోంది, పైకే తెలుస్తోంది. దాన్నైనా బయటికి తియ్యండని డాక్టర్ని బతిమాలాను. ఇంకా నెల తక్కువ, తీసినా బతకదన్నాడు. పాలావిడ ఆ కదిలేచోట చెయ్యి వేసింది. కదలిక ఆగేదాకా తియ్యలేదు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఇంకేం చెయ్యగలను?

డాక్టరు వెళ్ళాక ఆమె పక్కన కూర్చున్నాను. "నిన్న టబ్బు చూడగానే నీకు తెలిసిపోయింది కదా. నన్ను నాలుగు తిట్టకపోయావా? ఇందాకైనా నా పేరు చెప్పాల్సింది."

కొంగుతో మొహం తుడుచుకుంది. "తిడితే లేచొస్తుందాండీ? అంత ఆప్యాయంగా వండుకొచ్చారు. ఆ మాట అంటే ఇంకెప్పుడూ ఎవరికీ ఏదీ పట్టుకెళ్ళరు మీరు."

ఆమే లేచి నా గోతాలు చూసింది. వడిలిపోతాయండి, పక్కవాళ్ళ గేదెకు వేద్దాం రండి అంది. ముసలాయన గేదె దగ్గరకు తీసుకెళ్ళింది. నేను రెండు చేతులా ఆకులు తీసి వెయ్యబోయాను.

"కొంచెం కొంచెంగా వెయ్యాలండి" అని, నా చేతుల్లోంచి సగం ఆకులు వెనక్కి తీసుకుంది.