అవ్వ గోటి చప్పుడు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. బడిలో తెలుగు చెప్పేవాణ్ణి, అడపాదడపా కథలు రాసేవాణ్ణి. భయం ఎట్లా పుట్టించాలో నాకు తెలుసని గర్వం కూడా ఉండేది. "పిడుగు పడింది" అని రాస్తే చదివేవాడు ఉలిక్కిపడి ఊరుకుంటాడు. "వెనక ఏదో అలికిడి" అంటే మాత్రం చెవి ఒగ్గుతాడు. గుసగుస, సవ్వడి, సరసర... చిన్న చప్పుడు మనిషిని దగ్గరికి లాగుతుంది. దగ్గరికొచ్చినవాడు సగం భయపడ్డట్టేనని పిల్లలకు చెప్పేవాణ్ణి.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. రాస్తారోకో కేసులో పోలీసులు మా తమ్ముడి కోసం తిరుగుతున్నారు. మొదట్లో వాడు మొగుళ్లపల్లి దగ్గరి మా ఊళ్లోనే, పెరటి కొట్టంలో దాక్కున్నాడు. అమ్మను మేం అవ్వ అంటాం. అన్నం తీసుకెళ్తే అవ్వ తలుపు కొట్టేది కాదు, పక్కింటికి వినబడకుండా చెక్క మీద గోటితో ఆగి ఆగి గీరేది. తర్వాత వాడు తొర్రూరు వెళ్లిపోయాడు. ఎవరి గదిలో ఉన్నాడో మాకెవరికీ తెలియదు. ఫోను ఆపేశాడు.

సమ్మెతో బస్సులు బందైన రోజుల్లో అవ్వకు జబ్బు ముదిరింది. "చిన్నోడు తిన్నడో లేదో బిడ్డా" అని అడిగీ అడిగీ, దవాఖానకు చేర్చేలోపే పోయింది. చిన్నకొడుకు లేకుండానే సాగనంపాం. నాకు ఏడుపుకన్నా వాడిమీద కోపమే ఎక్కువగా వచ్చింది.

దినకర్మకు ముందురోజు సాయంత్రం మా ఇంట్లో ఒక పద్ధతుంది. పోయినవాళ్లు పడుకున్న గదిలో దీపం పెట్టి, నేలంతా పిండి జల్లి, తలుపు దగ్గరికి వేస్తాం. వాళ్లొస్తే పిండిలో అడుగు పడుతుందట. దీపం కొండెక్కేదాకా వాకిట్లో ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు.

అవ్వ దినానికి ముందు సాయంత్రం అందరం వాకిట్లో కూర్చునుంటే, గది లోపల తలుపు చెక్క మీద గోరు గీరింది. ఆగింది. మళ్లీ గీరింది.

తమ్ముడే ఎట్లాగో లోపలికి దూరి పిలుస్తున్నాడనుకుని లేవబోయాను. మేనత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. దీపం ఆరాక తలుపు తీస్తే గదిలో ఎవరూ లేరు. ఎలుకైతే పిండిలో కాళ్ల గుర్తులుండాలి, చిన్న గీతైనా లేదు. అయినా ఎలుకే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు పోలీసుల భయంతో పెరటి దారిన వచ్చాడు. నేనొక్కణ్ణే బావి దగ్గరున్నాను.

"అన్నా, అవ్వేది? నిన్న పొద్దుగూకంగ అచ్చి నా తలుపు గీరింది గద. తీసేసరికి లేదు. లోపలికి రాకుంటనే ఎందుకు పోయింది?"

వాడిమీద దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

ఆ చప్పుడును కథగా రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఏ మాట పెట్టినా, బడిలో చెప్పిన భయపెట్టే కిటుకులాగే కనబడింది. కొట్టేశాను. అది అన్నం తెచ్చిన చప్పుడు.

తొర్రూరులో ఆ గది అవ్వకు ఎట్లా తెలిసిందో నేనిప్పటికీ చెప్పలేను. తమ్ముడు మాత్రం ఈనాటికీ పొద్దుగూకే వేళ తలుపుకు గడియ పెట్టడు.