ఏడుపు వినబడకుండా

మా అత్తగారిది జాలరిపేట. వేటకు బయల్దేరే మనిషికి ఏడుపు వినబడకూడదని వాళ్ల ఇంట్లో కట్టుబాటు. నేను వెళ్ళేది సముద్రం మీదికి కాదు, ఆటోనగర్‌లో బోల్టులు తయారుచేసే షెడ్డుకి. అయినా ఆవిడ వింటేగా! రోజూ పొద్దున్న రెండున్నరేళ్ళ మా అమ్మాయిని పెరట్లోకి ఎత్తుకెళ్ళి కాకిని చూపించేది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని దొంగపిల్లిలా వీధి గుమ్మం దాటేదాన్ని. పిల్ల ఏడవదు, బస్సు తప్పిపోదు. ఇంతకన్నా తెలివైన పని లేదనుకున్నాను.

నెల తిరిగేసరికి పిల్ల నా చున్నీ వదిలితే ఒట్టు. స్నానానికి వెళ్తే తలుపు బాదేది. కాకి అరిస్తే చాలు, పరిగెత్తుకొచ్చి నా కాళ్ళకు చుట్టుకునేది. దిష్టి తగిలిందని అత్తగారు ఉప్పు తీసి దిగదుడిచింది.

అంగన్‌వాడీ టీచర్ మాత్రం నన్నే నిలబెట్టి అడిగింది.

"సెప్పకుండా ఎల్లిపోతే పిల్లకేటి తెలుస్తాదమ్మా? ఎప్పుడు మాయమైపోతావో అని దాని బెంగ. సెప్పి ఎల్లు. ఏడిస్తే ఏడవనీ."

ఒళ్ళు మండింది. ఉచిత సలహాకేం, ఎవరైనా ఇస్తారు. కానీ కాకి అరుపుకి పిల్ల బెదరడం నేను కళ్ళారా చూస్తూనే ఉన్నాను.

మర్నాడు ఎదురుగా కూర్చుని చెప్పాను. "నాను పనికెల్తన్నాను. సీకటి పడకముందే వచ్చేత్తాను." వీధి అదిరేలా ఏడ్చింది. అత్తగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మొండిదాన్నే. మూడు వారాలకి ఆ ఏడుపు నాలుగు వెక్కిళ్ళకు దిగింది.

ఓ సాయంత్రం పోర్టు రోడ్డులో లారీలు ఆగిపోయాయి. నేను బస్సు దిగేసరికే చీకటి పడిపోయింది. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరేనని తిట్టుకుంటూ సందులో పరిగెత్తాను. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. పక్కనే పిల్ల మెట్టు మీద కూర్చుని నేల చూస్తోంది.

"ఒక్క సుక్క ఏడవలేదే" అంది అత్తగారు ఆశ్చర్యంగా. "'అమ్మ సెప్పింది, వచ్చేత్తాది' అంటంది. ఇందాకట్నుంచీ అదే మాట."

అప్పుడు పిల్ల తలెత్తి నన్ను చూసింది. చూస్తూనే బావురుమంది.

"ఇప్పుడెందుకే, వచ్చేసింది గదా!" అని అత్తగారు విసుక్కుంది.

నేను ఎత్తుకున్నాను. చెప్పకుండా వెళ్ళిన రోజుల్లో, తిరిగి రాగానే పిల్ల నా మొహం కూడా చూసేది కాదు; కాసేపయ్యాకే వచ్చి చున్నీ పట్టుకునేది. ఇవాళ అంతసేపూ ఆపుకున్నదంతా నా భుజం మీద ఏడుస్తోంది. సిగ్గేసింది. సంతోషమూ వేసింది. ఊరుకోమని మాత్రం అనలేదు.