అప్పన్న చూపుడువేలు

కట్టుకున్నదానికి కూడా చెప్పని మాట ఇది. ఏళ్ల తరబడి గుండెల మీద పెట్టుకుని మోశాను, ఇక నా వల్ల కాదు. చేయి బాగుచేసిన దేవుడని ఎవరైనా దండం పెడితే లోపల చచ్చిపోతుంటాను. మీరైనా వినండి.

స్టీల్ ప్లాంటు ఇంకా కాగితాల మీదే ఉన్న రోజులు. విశాఖలో ఒక ఆసుపత్రిలో కొత్త డాక్టర్ని. హార్బర్‌లో తాళ్లు లాగే కలాసీ అప్పన్న ఓడ మీద జారి, చేయి ఆనించి పడ్డాడు. చూపుడువేలు మొదట్లో కీలు తప్పి, వేలు వెనక్కి విరుచుకుని నిలబడిపోయింది. బావమరిది రాములు, అతనూ కలాసీయే, ఆ చేతిని తువ్వాలులో పెట్టి తెచ్చాడు.

అలాంటి వేలిని లాగకూడదు. మణికట్టు వంచి, వెనకనుంచి మెల్లగా ముందుకు నెట్టాలి. చదువుకున్నాను కదా, మరి ఎందుకు లాగాను? తొందర. నాకే అంతా తెలుసన్న పొగరు. రాముల్ని మోచేయి పట్టుకోమని బలంకొద్దీ లాగాను. వేలు దిగింది. హమ్మయ్య అనుకునేలోపే అరచేతిలో చర్మం సొట్టపడింది. కీలు కింది దళసరి పొర ఎముకల మధ్యకు జారి ఇరుక్కుంది. ఇక కోయాల్సిందే.

పెద్ద డాక్టరుగారు ఆ సొట్ట చూసి మండిపడ్డారు. "దీన్ని లాగిందెవడయ్యా?"

"పట్టుకోమంటే ఇతను గుంజేశాడండీ. కలాసీ చేతులు కదా."

ఛీ, ఎంత సులువుగా వచ్చింది ఆ మాట!

రాములు బిత్తరపోయాడు. "తమరు ఒట్టుకోమంటే ఒట్టుకున్నాను బాబూ... గట్టిగా లాగీసినానేటి?"

"అవును" అన్నాను. అప్పన్న బల్ల మీద పడుకుని వింటూనే ఉన్నాడు.

పెద్ద డాక్టరుగారు అప్పన్న అరచేయి కోసి, చర్మం కిందే బిగుసుకున్న నరాన్ని తప్పించి, పొరను విడిపించారు. కీలు కూర్చుంది. వేలు మాత్రం మళ్లీ సరిగా వంగలేదు. తాడు మీద పట్టు చిక్కక అప్పన్న హార్బర్ వదిలి పద్మనాభం అనే పల్లెకు పోయి కూలికి కుదిరాడు. బావమరిదిని గుమ్మం తొక్కనివ్వడం లేదని తర్వాత విన్నాను. విని ఊరుకున్నాను.

స్టీల్ ప్లాంటు వచ్చి, ఉక్కునగరం క్వార్టర్లు నిండుతున్న కాలంలో, భుజం జారిన తోటి పనివాణ్ణి తీసుకుని రాములు నా దగ్గరికే వచ్చాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. కాస్త పట్టుకోమన్నాను. చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"వద్దు బాబూ. ఈ సేతుల్తోనే మా బావ ఏలు పాడుసేసినాను. మరెవర్నీ ఒట్టుకోను."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? పట్టుకోడానికి వార్డుబాయ్‌ని కేకేశాను.

రాములూ, లాగింది నేను. నువ్వు నేను పట్టుకోమన్న చోట పట్టుకున్నావు, అంతే.