ఇంటి నంబరు దొంగ

వినుకొండలో మోటార్లకు వైండింగ్ చేసే బుడాన్ రాగి తీగ కొంటే బ్లేడుతో గీకి చూస్తాడు. లోపల అల్యూమినియం పెట్టి మోసం చేస్తారని ఆయన భయం. షాపుకు తాళం వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కి వచ్చి ఆ తాళాన్ని మళ్లీ లాగి చూస్తాడు. నలభై ఏళ్లుగా ఇదే తీరు. పనిలో మాత్రం వంక పెట్టిన రైతు లేడు.

బాగు చేసిన ప్రతి మోటారు తాలూకు స్టార్టరు పెట్టె మీద ఎర్ర రంగుతో తన ఇంటి ఫోన్ నంబరు రాయడం ఆయన అలవాటు. చుట్టుపక్కల ఊళ్ల మిరప చేలల్లో, పత్తి చేలల్లో ఏ షెడ్డు తలుపు తీసినా ఆ నంబరు కనబడుతుంది. మోటారు కాలితే రైతు దానికే చేస్తాడు. ఫోన్ ఎత్తేది బుడాన్ భార్య నజీరా. పొగ వచ్చిందా, స్టార్టరు పడుతోందా, బోరు ఎన్ని అడుగులు అని అన్నీ అడిగి, షాపుకు కబురు పంపుతుంది.

నిరుడు రోడ్డు వెడల్పు చేస్తూ తవ్వినప్పుడు కేబుల్ తెగింది. కొత్త తీగ వేయడం కుదరదు, కావాలంటే ఆ నంబరుకు వచ్చే కాల్స్‌ను సెల్‌కు మళ్లిస్తాం అన్నారు టెలిఫోన్ ఆఫీసులో. బుడాన్ దగ్గర అప్పటికి సెల్ లేదు. నజీరా అన్న కొడుకు షానవాజ్ సెల్ కొనిపెట్టి, ఆఫీసుకు తీసుకెళ్లి పని చేయించాడు. షానవాజ్ పని నేర్చుకుంది బుడాన్ దగ్గరే. ఇప్పుడు బస్టాండు దగ్గర సొంతంగా వైండింగ్ షాపు నడుపుతున్నాడు. బుడాన్‌కు అనుమానం రావడానికి ఆ ఒక్క సంగతి చాలు.

"వాడికేం అవసరం, నా నంబరు మీద అంత శ్రద్ధ?" అన్నాడు ఇంటికొచ్చి.

"మేనత్త ఇల్లని చేశాడు. నీకు అన్నం పెట్టినా విషమేమోనని చూస్తావు," అంది నజీరా.

మర్నాడు పొద్దున ఎవరికీ చెప్పకుండా పరీక్ష పెట్టాడు. కొత్త సెల్‌లోంచి తన ఇంటి నంబరు నొక్కాడు. బిజీ అని వచ్చింది. కాసేపాగి నొక్కాడు. బిజీ. టీ తాగొచ్చి నొక్కినా అదే. తన నంబరు మీద ఎవడో తెగ మాట్లాడేస్తున్నాడు. నేరుగా షానవాజ్ షాపుకు వెళ్లాడు. అక్కడ వాడు చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"నా రైతులతోనేనా?" అన్నాడు బుడాన్.

షానవాజ్‌కు అర్థం కాలేదు. "పెళ్లాంతో మావయ్యా."

"నంబరు దొంగా," అని నడిబజార్లో అరిచి వచ్చేశాడు బుడాన్. తెలిసిన రైతులందరికీ ఫోన్ చేశాడు. "ఇంటి నంబరు దొంగ చేతిలో పడింది. షానవాజ్ గాడే. దానికి చెయ్యొద్దు. ఈ సెల్ కూడా వాడు కొన్నదే, దీనికీ చెయ్యొద్దు. పనుంటే షాపుకు రండి."

వారం గడిచింది. మిరప కోతల మధ్య, తడి తప్పితే కాయ ముడుచుకుపోయే రోజులు. ఏటా ఈపాటికి షాపు ముందు మోటార్లు వరసగా ఉండేవి. ఈసారి ఒక్కటీ రాలేదు. మోటారు ట్రాక్టరులో వేసుకుని వచ్చే రైతుకు బస్టాండు దగ్గర షానవాజ్ షాపే ముందు తగులుతుంది.

ఓ మధ్యాహ్నం భోజనం చేస్తుంటే సెల్ మోగింది.

"ఒరేయ్ దొంగ నాయాలా," అంది అవతలి గొంతు. "ఆ ముసలాయన నంబరు పెట్టుకుని బతుకుతున్నావంట. సిగ్గు లేదంట్రా నీకు?"

గొంతు గుర్తుపట్టాడు. శావల్యాపురం బుల్లయ్య.

"బుల్లయ్యా, నేను బుడాన్ను."

"దొంగ నేను దొంగనని చెబుతాడా? బుడానే చెప్పాడు నాకు. తిడదామనే చేశా ఇంటి నంబరుకు. నువ్వు బుడానువైతే నజీరమ్మకియ్యి."

నజీరా చెయ్యి కడుక్కుని ఫోన్ అందుకుంది. "ఏం బుల్లయ్యన్నా, మోటారు బాగుందా?"

"నువ్వేనా అమ్మా? బాగెక్కడిది, నిన్ననే కాలింది. షెడ్డంతా పొగ."

"స్టార్టరు పడుతోందా? ఆయన రేపొస్తాడులే," అని పెట్టేసి మొగుడి వైపు చూసింది.

"మరి నేను చేస్తే బిజీ ఎందుకొచ్చింది?" అన్నాడు బుడాన్.

"దేంతో చేశావు?"

"దీంతోనే."

"ఇంటి నంబరుకు చేస్తే ఇప్పుడు మోగేది ఇదేగా. దీన్నుంచి దీనికే చేస్తే బిజీ రాక ఏమొస్తుందయ్యా?"

బుడాన్ మిగతా అన్నం తినలేదు.

సాయంత్రం షానవాజ్ షాపుకు వెళ్లాడు. వాడు తలెత్తలేదు. "బుల్లయ్య బోరులోంచి మోటారు పైకి తియ్యాలి. నీ చైన్‌పుల్లీ తీసుకుని రేపు రా," అన్నాడు బుడాన్. క్షమించమనడం ఆయనకు చేతకాదు.

"వస్తా మావయ్యా. ముందు అందరికీ చేసి, నేను దొంగను కాదని చెప్పు. ఇక్కడే, నా ముందే."

బుడాన్ బల్ల మీద కూర్చుని మొదట వీరాంజనేయులు అనే రైతుకు కలిపాడు. "షానవాజ్ దొంగ కాదు. నంబరు నా దగ్గరే ఉంది. పొరపాటు నాదే. ఇంటి నంబరుకే చెయ్యి."

అవతల గొంతు తగ్గింది.

"షానవాజ్ పక్కనే ఉన్నాడా?" అని అడిగాడు వీరాంజనేయులు.

"ఉన్నాడు."

"అర్థమైందిలే. ఏం మాట్లాడొద్దు, జాగ్రత్త," అని పెట్టేశాడు.

బుడాన్ సెల్ వంక చూసి, లేచి, రోడ్డు దాటి అవతల నిలబడి వీరాంజనేయులుకే మళ్లీ చేశాడు.