వదులుగా నడపాల్సిన ఉన్ని

మా ఊరొదిలి వచ్చి, పాండేసర బట్టల మిల్లులో పదిహేడేళ్లుగా పాలిస్టర్ చీరల మీదే పనిచేశాను. మా చేతులకు తెలిసిన పద్ధతి ఒక్కటే: తడి బట్ట అంచులను స్టెంటర్ మెషీన్ పిన్నులకు తగిలించి, వేడిగాలిలో బిర్రుగా లాగడం. ముడత పడితే తిట్లు మాకే.

పోయిన ఏడాది ఉన్ని బట్ట వచ్చింది. దాన్ని రబ్బరులా సాగేటట్టు చేయాలి. ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి నాకు ఓపికగా చెప్పింది. ఉన్ని పోగు లోపల ముడులుంటాయట. మొదటి మందు వాటిని విప్పుతుంది. అప్పుడు వదులుగా వదిలేస్తే బట్ట ముడుచుకుంటుంది. రెండో మందు ఆ ముడుపులోనే ముడులను మళ్లీ బిగిస్తుంది. ఆ తర్వాత ఎంత సాగదీసినా వెనక్కొస్తుంది. రెండు మందుల మధ్య మాత్రం లాగకూడదు.

మొదటి మందులోంచి బట్ట బయటికి రాగానే కాలిన అగ్గిపుల్ల వాసన. వదులుగా పోనిస్తున్నాను. మా మీద అజమాయిషీ చేసే మాస్టర్ వచ్చి ముడతలు చూశాడు.

"అరే, సో రహా హై క్యా? ఖీంచ్!"

ఇది ఉన్ని, లాగొద్దు సాబ్ అన్నాను. నాకే నేర్పుతావా అని నలుగురి ముందు అరిచాడు. లాగాను. బట్ట సాగే గుణం లేకుండా అట్టలా తేలింది. ఖరాబు రిజిస్టర్‌లో నా పేరు ఎక్కించి, 'చెప్పినా వినకుండా లాగాడు' అని రాశాడు. అందులో పేరెక్కినవాడి మాటకు మా మిల్లులో విలువుండదు.

నా పేరు కొట్టేయమని మాస్టర్‌ను ఎన్నోసార్లు అడిగాను. "ఛోడ్ నా, చాయ్ పీ" అన్నాడు. ఆయన ఇప్పించే చాయ్ ఇప్పటికీ తాగను.

ఉన్ని బట్ట రెండో లాటు వచ్చింది. నా పేరు కొట్టేస్తేనే మెషీన్ దగ్గరికి వస్తానన్నాను. మాస్టర్ అదే మిల్లులో పనిచేసే మా బామ్మర్దిని పెట్టాడు. వాడు డ్యూటీకి పోతూ లింబాయత్‌లోని మా గదికి వచ్చాడు.

"బావా, గా ఉన్ని సంగతి జర చెప్పరాదే. ఎట్ల నడపాలె?"

"మీ మాస్టర్‌నడుగు."

"ఆయనకేమెర్క, అరుసుడు తప్ప!"

"మరి నా పేరు రాసిననాడు ఆడనే ఉన్నవ్ గదరా. నోట్ల నీళ్లు పోసుకున్నవా?"

"నౌకరి పోతదని భయపడ్డ బావా. ఎన్నొద్దులు యాదికుంచుకుంటవ్?"

"సచ్చేదాంక."

ఆనాటి గొడవ విన్నాడు గానీ ఎక్కడ లాగొద్దో వాడికి తెలియదు. రెండు మందుల మధ్య లాగకు అని ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. ఇంకొకరి చేతిలోనూ బట్ట చెడితే తప్పు మాస్టర్‌దని మిల్లు సేటుకు తెలుస్తుంది, రిజిస్టర్‌లోంచి నా పేరు కొట్టేయిస్తాడు అనుకున్నాను.

బట్ట చెడింది. రిజిస్టర్‌లో నా పేరు కింద వాడి పేరు చేరింది. అదే రాత, అవే మాటలు.

ఇంట్లో నా భార్య ఒక్కటే అడిగింది. "లాగితే ఖరాబైతదని నీకు ఎర్కేనా?"

"ఎర్కే" అన్నాను. తమ్ముడి కోసం వండిన కూర గిన్నె మూతపెట్టి పక్కకు జరిపింది. వాడు మా గదికి రావడం మానేశాడు.

ఇప్పుడు మాస్టర్ దగ్గరికి పోయినప్పుడల్లా రెండు పేర్లు కొట్టేయమంటున్నాను. ముందు వాడిది. అయినా ఆ రోజు వాడు నోరు విప్పలేదన్న సంగతి మాత్రం మరిచిపోలేదు.